మూడు సొంతిళ్లు, ఒక బాడుగిల్లు

మాకు మూడు ఇళ్లున్నాయని తెలిసినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది, "అయితే మీరు ఏ ఇంట్లో ఉంటారు?" అని. "నాలుగోదాంట్లో" అనేదాన్ని. "అబ్బో, నాలుగా!" అని నోరు తెరిచేవాళ్లు. "నాలుగోది మాది కాదులెండి, బాడుగిల్లు" అనేసరికి ఆ నోరు మూతపడేది. వేళాకోళం ఆడుతున్నాననుకునేవాళ్లు కొందరు. వేళాకోళం ఏమీ లేదు. పుదుచ్చేరికి కోడలిగా వచ్చింది మొదలు మొన్నమొన్నటిదాకా నేను ఒకరి ఇంట్లో బాడుగకు కాపురం చేశాను. సొంత ఇళ్ల తాళంచెవులు మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో గలగలమంటూ ఉండేవి.

ఇదంతా మా అత్త ఏర్పాటు. ఆమెది బాహూరు పక్క సేద్యం చేసుకునే కుటుంబం. ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నవాళ్లు. ఇంట్లో తెలుగే, కానీ సగం తమిళం కలిసిన తెలుగు. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. నేను చిత్తూరు దిక్కు నుంచి వచ్చినదాన్ని, తెలుగు బళ్లో చదువుకున్నదాన్ని. నేను ఏదైనా రాసుకుంటుంటే మా అత్త తొంగిచూసి, "ఏందే అది, ఒక్కటైనా నిట్టనిలువు గీత లేదే, అంతా చుట్టలే" అనేది. ఇప్పుడు రాస్తున్న ఈ చుట్టలు కూడా మా ఇంట్లో ఎవరూ చదవలేరు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

మామ పోయాక సేద్యం చేసే దిక్కు లేక ఆమె ఊళ్లోని భూమిని, దాంతోపాటు పాత ఇంటిని అమ్మేసింది. ఆ డబ్బుతో బంగారం కొనమన్నారు బంధువులు. ఆమె గోరిమేడులో, పెద్దాసుపత్రికి దగ్గర్లో జాగా కొనింది. నా భర్తది ఊళ్లోనే సారం అనే పేటలో హార్డ్‌వేర్ కొట్టు కాబట్టి ఇనుమూ సిమెంటూ అప్పటికప్పుడు దొరికాయి. నేను ప్రైవేటు బళ్లో లెక్కల టీచర్ని, నా జీతం మేస్త్రీ కూలీకి పోయింది. ఇల్లు లేచింది. ఇంక మూటాముల్లె సర్దుకుందామా అని నేను అడిగితే మా అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"నారు పోసిన మడిలో మనమే చాప పరుచుకోని పండుకుంటామా? మడి అంటే పండాల. ఇల్లంటే బాడుగ రావాల" అంది.

అంతే, అదే చట్టం. గోరిమేడు ఇంటిని రెండు భాగాలు చేసి బాడుగకిచ్చాం. కొన్నేళ్లకు ఆ బాడుగ, నా జీతం కలిపి సోలై నగర్‌లో, సముద్రానికి దగ్గరగా ఒక చిన్న ఇల్లు కొన్నాం. ఉప్పు గాలికి కిటికీ ఊచలు ఏడాదికే తుప్పు పట్టేవి, కానీ బాడుగకు మాత్రం ఎప్పుడూ జనం ఉండేవాళ్లు. ఇల్లు సొంతమైన ప్రతిసారీ గృహప్రవేశం ఘనంగానే జరిగేది. మామిడి తోరణాలు కట్టి, పాలు పొంగించి, అందరికీ అన్నం పెట్టి, ఆ రాత్రి అక్కడే నిద్రచేసేవాళ్లం. తెల్లారి చాపలు చుట్టుకుని బాడుగింటికి తిరిగొచ్చేవాళ్లం. రెండోసారి పూజ చేయించిన అయ్యవారు కూడా, "ఏమమ్మా, ఈసారన్నా ఉంటారా?" అని నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మేముండే బాడుగిల్లు సారంలోనే, ఒక రిటైరైన పెద్దమనిషి మిద్దె మీద. ఆయన కింద, మేము పైన. మనిషి మంచివాడే. కానీ ఇంటి ఓనరు ఇంటి ఓనరే. చుట్టాలు రెండు రోజులకు మించి ఉంటే మెట్ల దగ్గర నిలబడి దగ్గేవాడు. మోటారు ఆయన వేసినప్పుడే నీళ్లు. నేను విసుక్కుంటే మా అత్త ఆయన పక్షమే. "ఓనరన్నాక అట్లనే ఉంటాడు. నేనుండనా మన ఇండ్లకాడ?" అనేది. ఉండేది మరి, ఆయన కంటే రెండింతలు.

ఇళ్లు బాడుగకిచ్చేటప్పుడు ఆమె తప్పకుండా చెప్పే షరతు ఒకటుంది. కాగితం మీద రాసేది కాదు, మొహం మీద చెప్పేది. గోరిమేడు ఇంటికి ఒకసారి విల్లుపురం వైపు నుంచి ఒక కుర్ర మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆ పిల్లవాడి తండ్రిని పెద్దాసుపత్రిలో చేర్చారు, వైద్యం నెలల మీద సాగేది, అందుకని దగ్గర్లో ఇల్లు కావాలి. అన్నీ మాట్లాడుకున్నాక మా అత్త అంది, "ఒగ మాట చెప్తాండా నాయినా, తప్పుగా అనుకోవద్దు. అయ్యకు ఏమన్నా అయితే ఆసుపత్రి నుంచి నేరుగా మీ ఊరికే ఎత్తకపోవాల. ఈడికి తేవద్దు. సావు జరిగిన ఇంటికి మళ్లా ఎవురూ రారు."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ అబ్బాయి మాత్రం తలూపి, "తెలుసు ఆయా, చూసిన ప్రతి ఇంట్లోనూ చెప్పినారు" అన్నాడు. ఇక్కడ అవ్వల్ని ఆయా అనే పిలుస్తారు. బయటికొచ్చాక ఆమె మీద పడ్డాను. "మనిషి బతికుండగానే ఆ మాట ఎట్లా వచ్చింది నీకు నోట?" అన్నాను. ఆమె నిమ్మళంగా, "పొయినాక చెప్తే ఏం లాభం?" అంది. ఈ ఊళ్లో ఇళ్లు బాడుగకిచ్చే వాళ్లందరిదీ అదే మాటని నాకూ తెలుసు. అయినా ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మూడోది సారంలో కట్టాం, మేముండే చోటుకు రెండు వీధుల అవతల. అప్పటికి ఆమెకు కళ్లు సరిగా ఆనడంలేదు, పనులన్నీ నేనే చూసుకున్నాను. అందుకని ఆశ పుట్టింది. వంటింటి కిటికీ తూర్పుకు పెట్టించాను, వంట చేస్తూ వీధి కనబడేంత కిందికి. మేస్త్రీ వద్దన్నా వినకుండా ఆ కిటికీ కింది అరుగు వెడల్పు చేయించాను, కూర్చుని కూరగాయలు తరుక్కోవడానికి. హాల్లో పెద్ద కిటికీ. ఇది మాదే, ఇందులోనే మేముంటాం అని మనసులో ఖాయం చేసేసుకున్నాను. గృహప్రవేశం నాడు పోపుల పెట్టె కూడా తెచ్చి అలమరలో పెట్టాను. సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక మా అత్త, "రేపు బ్యాంకాయన ఇల్లు చూసేదానికి వస్తాడంట" అంది.

అరిచాను. పుదుచ్చేరి అంతా వినబడేలా అరిచాను. "నేను ఎప్పుడు నా ఇంట్లో పొయ్యి వెలిగించుకునేది? ముసలిదాన్నయ్యాకా?" అన్నాను. నా భర్త మంచివాడు, మెత్తనివాడు, అంటే గొడవలో పనికిరానివాడు. "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నాడు. మా అత్త మాత్రం, "నువ్వు ఉండేదానికి మిద్ది ఉండాది గదే, తక్కువ బాడుగకు. ఇది ఎక్కువ బాడుగొచ్చే ఇల్లు. దీంట్లో నువ్వుంటే ఎవురికి నష్టం?" అంది. పోపుల పెట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాను. అటు తర్వాత బడికి పోతూ రోజూ ఆ ఇంటి ముందే నడిచేదాన్ని. నా వంటింటి కిటికీలో ఎవరిదో కుక్కరు కూతపెట్టేది. నా దండెం మీద ఎవరివో చొక్కాలు ఆరేవి. వేరే దారి ఉంది. కానీ ఆ దారినే పోయేదాన్ని, చూసి కుళ్లుకోవడానికి.

అట్లా ఏళ్లు గడిచాయి. పోయిన జూలై నడుమ, ఇక్కడి తమిళ లెక్కలో ఆని నెలాఖరులో, మా అత్త మంచం పట్టింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, వయసైపోయింది, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి కంటికి రెప్పలా చూసుకోండి అని చెప్పారు. మిద్దె మీదికి నలుగురు పట్టుకుని ఎక్కించారు. ముందుగదిలో మంచం వేశాం. తెలివి పూర్తిగా ఉంది, ఒళ్లే సహకరించడం లేదు.

మర్నాడు కింది నుంచి ఓనరు పెద్దమనిషి కమలాపళ్లు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని పలకరించాడు. పోయేటప్పుడు నా భర్తను మెట్ల దగ్గరికి పిలిచి తమిళంలో, ఎంతో మర్యాదగా చెప్పాడు. "తప్పుగా అనుకోకు తమ్ముడూ. అమ్మ నాకు అక్కలాంటిది. మా అమ్మాయి నిశ్చితార్థం వచ్చే ఆవణి నెలలో ఈ ఇంట్లోనే పెట్టుకున్నాం. రేపు ఏదైనా అయితే ఇక్కడ కాకుండా మీ సొంత చోటికి తీసుకెళ్తే బాగుంటుంది. మీకు లేకపోతే నేను ఈ మాట అడిగేవాణ్ణి కాదు. మూడిళ్లున్నాయి కదా."

తలుపు తీసే ఉంది, అన్నీ వినబడ్డాయి. ఆయన దిగిపోయాక నా భర్త లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా అత్త మంచం మీది నుంచి, "ఆయన చెప్పినదాంట్లో తప్పేముండాది? నేనైనా అదే చెప్పుంటా" అంది.

"తప్పేమీ లేదత్తా!" అన్నాను. "తప్పంతా మనదే. నోరు కట్టుకుని మూడిళ్లు సంపాదించాం, మనిషి పోవడానికి చోటు లేదు మనకు. ఊళ్లో ఇల్లు అమ్మేశావు. ఉన్న ఇళ్లన్నీ జనానికిచ్చేశావు. ఇప్పుడు నిన్ను యాడ పెట్టుకోవాల చెప్పు?" కోపంలో నాకు నా పుట్టింటి మాట వచ్చేస్తుంది. ఆమె తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. ఆమె ఎదురు చెప్పకపోవడం నేను అంతవరకూ చూసి ఎరగను. భయమేసింది.

నా భర్త అడగడానికి బయల్దేరాడు. గోరిమేడు ఇంట్లో ఒక భాగంలో నర్సులు, ఒక భాగంలో చదువుకునే పిల్లలు, గదికి ముగ్గురేసి. అక్కడ మంచం వేసే జాగా కూడా లేదు. సోలై నగర్ ఇంట్లో చేపలమ్మే ఆమె కుటుంబం ఉంది. ఆమె మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. "ఆయాను తెచ్చుకోండన్నా, మేము ఒక గదిలో సర్దుకుంటాం, ఇల్లన్నాక చావూ పుట్టుకా ఉండవా?" అందట. అది చెబితే మా అత్త కళ్లు మూసుకుంది. ఇదే షరతును ఆ చేపలామెకూ తానే మొహం మీద చెప్పింది కదా. కాసేపటికి, "పిలకాయలుండే ఇల్లు, వద్దు. బయపడతారు" అంది.

మిగిలింది సారం ఇల్లు. అది ఖాళీగానే ఉంది. బ్యాంకాయనకు బదిలీ అయి ఆని నెలలోనే ఖాళీ చేశాడు. ఆ వెంటనే బ్రోకరు కొత్త పార్టీని తెచ్చాడు, కొత్తగా పెళ్లయిన జంట. కానీ ఆని తర్వాత వచ్చే ఆడి మన ఆషాఢం లాంటిది, ఆ నెలలో ఇక్కడ ఎవరూ కొత్తింట్లో చేరరు. కొత్త పెళ్లికూతుళ్లయితే ఆ నెలంతా పుట్టింట్లోనే. అందుకని అడ్వాన్సు ఇచ్చి, ఆడి పోయి ఆవణి పుట్టగానే పాలు పొంగించుకుంటామని చెప్పి పోయారు. అందాకా ఇల్లు తాళం వేసి ఉంది.

"అక్కడికే తీసుకుపోదాం" అన్నాడు నా భర్త, గొంతు తగ్గించి. "గుట్టుగా పెట్టుకుందాం. ఏదైనా అయితే గుట్టుగా కానిచ్చేద్దాం. తర్వాత సున్నం కొట్టించి కడిగేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆవణికి వాళ్లు వస్తారు."

"సిగ్గు లేదూ?" అన్నాను. "కొత్తగా కాపురానికొచ్చే పిల్ల, పెద్దవాళ్లని నమ్మి వస్తుంది. పక్కింటివాళ్లు ఎప్పటికైనా చెప్పకుండా ఉంటారా? అప్పుడు ఆ పిల్ల ఆ ఇంట్లో నిద్రపోతుందా?" ఆయన మటుకు ఏం చేస్తాడు? తల్లి మంచం మీద ఉంది, ఓనరు మెట్ల కింద ఉన్నాడు.

మా అత్త మాట్లాడింది. "రేయ్, ఆ అడ్వాన్సు తిరిగిచ్చేయ్."

మేమిద్దరం ఆమె వైపు తిరిగాం. చేతిలో పడిన అడ్వాన్సును తనంతట తాను వెనక్కివ్వమనడం ఆమె జన్మలో లేదు. "ఇంకో ఇల్లు చూసుకోమని చెప్పు ఆ పిలకాయలకి. నన్ను సారం ఇంటికి ఎత్తకపోండి" అంది. "ఆడి కదమ్మా" అని నా భర్త నసిగాడు. "సావుకు ఆడి ఏంది, ఆవణి ఏంది?" అంది.

పొద్దున్నే ఆంబులెన్సులో బయల్దేరాం. రెండు వీధులే కదా అని డ్రైవరు సైరన్ ఆపాడు. "ఏందిరా, దొంగతనానికి పోతా ఉండామా? మోగించు" అని ఆమె గదిమింది. మోగిస్తూ వీధిలోకి వచ్చాం. అరుగుల మీదికి జనం వచ్చేశారు. హాల్లో పెద్ద కిటికీ పక్కనే మంచం వేయించుకుంది, తలుపులన్నీ బార్లా తీయించింది. చూడవచ్చిన ప్రతివాళ్లకూ, "నేను పొయ్యేదానికి వచ్చుండా" అని చెప్పేది, పెళ్లికి పిలిచినట్టు. ఈమెకు మతి చెదిరింది అనుకున్నాను. నా భర్త గుట్టు గుట్టు అంటుంటే ఈమె ఊరంతా చాటుతోంది.

బ్రోకరు కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి నా భర్తతో గుసగుసలాడుతుంటే ఆమె పిలిచింది. "ఏమప్పా, ఈ ఇంటికి ఇంక పార్టీ రాదా?"

"తెలిసినాక ఎవురొస్తారు ఆయా?" అన్నాడు అతను నొచ్చుకుంటూ. "నువ్వే కదా అందరికీ చెప్పేదానివి."

"ఊ. బాగా తెలిసేటట్టు చెప్పు అందరికీ" అంది. అతను వెళ్లిపోతూ నా వైపు జాలిగా చూశాడు.

నేను వంటింట్లోకి పోయాను. గంజి కాయాలి. ఆ పొయ్యి మీద అంతకు ముందు నేను కాచింది గృహప్రవేశం నాటి పాలు ఒక్కటే. ఎండ కిటికీలోంచి అరుగు మీద పడుతోంది. నేను అనుకున్నట్టే వీధి కనబడుతోంది. ఇన్నాళ్లకు ఈ పొయ్యి ముందు నిలబడింది ఇందుకా అని దుఃఖం వచ్చింది. గంజి పట్టుకుని ఆమె దగ్గరికెళ్లి కూర్చున్నాను. నాలుగు చెంచాలు తాగి చాలంది.

"వంటిల్లు బాగుండాదా?" అని అడిగింది.

"బాగుంది. ఎవరెవరో వండుకుని తిన్నారు కదా, బాగుండక ఏం?" అన్నాను. మంచం మీద ఉన్న మనిషిని కూడా పొడవకుండా ఉండలేకపోయాను.

ఆమె నవ్వింది. "నేను పోతే ఈ ఇంటికి బాడుగకు ఎవురూ రారు అమ్మణ్ణీ. నువ్వుండు ఈడ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంచా చేతిలోనే ఆగిపోయింది. సైరన్, తెరిచిన తలుపులు, బ్రోకరు. మతి చెదరలేదు ఈమెకు. ఎప్పటిలాగే చక్కగా పని చేస్తోంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, కళ్లనీళ్లు కారుతుండగానే అరిచాను. "ఈ ఇల్లు నీది అని నోటితో ఒక్క మాట అంటే చాలదా? దీనికోసం ఇట్లా చేయాల్నా?"

"నోటితో ఇస్తే నిలస్తుందా?" అంది ఓపిగ్గా, బళ్లో నేను మొద్దు పిల్లలకు చెప్పేటట్టు. "మళ్లా ఏదో ఒగ పార్టీని తెస్తాడు నా కొడుకు. నువ్వు అరుస్తావు, వాడు వచ్చే ఏడాది అంటాడు. వాణ్ణి అట్ల పెంచింది నేనే గదే. నేను ఈడ పోతేనే ఇల్లు నీకు గట్టి. సావుమేళం పెట్టమను. గుట్టుగా చేయద్దు."

ఆమె చేయి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆమె చేయి పట్టుకున్నది అదే మొదలు. ఎముకలు తప్ప ఏమీ లేదు.

ఆడి ముగియకముందే, ఒక మధ్యాహ్నం, కిటికీ పక్కనే పోయింది. నేను పట్టుబట్టి మేళం పెట్టించాను. డప్పులు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మోగాయి, పూలరథం కట్టించాం. పాత ఇంటి ఓనరు దండ పట్టుకుని వచ్చాడు. సోలై నగర్ నుంచి చేపలామె వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చింది. బ్రోకరు చేతులు కట్టుకుని వీధి మలుపులో నిలబడ్డాడు.

పదహారో నాటి కార్యం ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక నేనూ నా భర్తా హాల్లో కూర్చున్నాం. ఆయన కళ్లు తుడుచుకుని ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. పైకప్పు చూశాడు, గోడలు చూశాడు. తర్వాత, నన్ను ఓదారుస్తున్నాననే అనుకుని, మెల్లగా అన్నాడు. "దిగులుపడకు. ఏడాది పోతే జనం మరిచిపోతారులే."

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను మరిచిపోనిస్తేనా!" అన్నాను.